కొండెక్కకూడని వాళ్లు

సుధాకరరావుగారంటే నాకు ఒళ్లుమంట. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆ ఆదివారం ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

అది రెండువేల సంవత్సరం, సెప్టెంబరు. హౌగాంగ్‌లో నేను అద్దెకుంటున్న అన్నపూర్ణమ్మ ఆంటీ ఫ్లాట్‌లో మా ఆఫీసు తెలుగువాళ్లం ఎనిమిది మంది చేరాం. అక్టోబరులో కొరియా వెళ్లి, ఆకులు ఎర్రబడిన కొండ ఒకటి ఎక్కి రావాలని ప్లాను. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఒకటే ఎండ, ఒకటే వాన, ఒకటే పచ్చ. ఆకు రంగు మారడం చూడాలంటే విమానం ఎక్కాల్సిందే.

ప్లాను నాది. హోటల్ వెతికింది నేను, వీసా కాగితాలు తెచ్చింది నేను. మా నాన్న గదిలో పాత క్యాలెండర్ ఒకటుండేది, ఎర్రటి చెట్ల మధ్య కాలిబాట బొమ్మతో. సంవత్సరం అయిపోయినా దాన్ని గోడమీంచి తీయనిచ్చేవాడు కాదు. "నువ్వెళ్లి చూసిరా. ఆ రంగు నిజమో అబద్ధమో చెప్పు" అనేవాడు. పోయిన డిసెంబరులో ఆయనకు సీరియస్‌గా ఉందని ఫోనొస్తే, మా టీమ్ లీడ్ సుధాకరరావుగారు సెలవివ్వలేదు. "వైటూకే గండం గడవనీ అమ్మా, జనవరి మూడున వెళ్దువుగాని" అన్నారు. కంప్యూటర్లకు ఏ గండమూ రాలేదు. నేను వెళ్లేసరికి నాన్న లేడు. ఆ కొండ మీద నిలబడి ఆయనకు జవాబు చెప్పాలి, అంతే నాకు కావలసింది.

వెళ్లేవాళ్ల లిస్టు రాస్తూ సుధాకరరావుగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ వారం ఎవరో ఒకరు ఆఫీసు పేజర్ పట్టుకుని ఇక్కడ డ్యూటీలో ఉండాలి. అరుంధతి ఉంటే సరి."

"నేనెందుకుంటానండీ? ప్లాను వేసిందే నేను."

"అది కాదమ్మా. మీ నాన్నగారు పోయి ఏడాది కాలేదు. పెళ్లికాని పిల్లవి, ఏటిసూతకం నీకూ ఉంటుంది. కొండెక్కకూడదు కదా. నీ మంచికే చెబుతున్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పండక్కి ఒక్కపూట సెలవడిగితే వెక్కిరించే మనిషి నాకు శాస్త్రం చెబుతున్నాడు!

"అది తిరుపతి కొండకండీ. అక్కడ చెట్లు తప్ప ఏమున్నాయి?"

సాయం కోసం ఆంటీ వైపు చూశాను. తాతల కాలంలో కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం ఆవిడది. పట్టింపులు మాకంటే ఆవిడకే ఎక్కువ.

"కొండంటే కొండే అమ్మాయ్. మా పాట్టి, అదే మా నాయనమ్మ, అయితే బుకిట్ బటోక్ గుట్ట కూడా ఎక్కనిచ్చేది కాదు. ముందు మకాన్ కానీండి, తినండి తినండి, పులిహోర చల్లారిపోతోంది."

మిగతావాళ్లంతా పళ్లాల్లోకి చూస్తున్నారు. ఆయన నా పేరు కొట్టేశారు.

అప్పుడు నా కళ్లు కాత్యాయని అక్క మీద పడ్డాయి. ఆయన భార్య. పులిహోర ముట్టుకోకుండా కూర్చుంది. నెల కిందట రైల్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "ఇది మూడోసారి అరుంధతీ. ముందు రెండూ నిలవలేదు. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ తెలియకూడదు, దిష్టి తగులుతుంది. కొరియాలో నేను కొండ కిందే కూర్చుంటాలే." ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.

"ఆంటీ, గర్భిణి మొగుడు కూడా కొండెక్కకూడదంటారు కదా?" అన్నాను తీరిగ్గా.

"ఎక్కకూడదు. జుట్టు కూడా తీయించుకోకూడదు."

"అది ఏడో నెల నుంచండీ!" అన్నారు సుధాకరరావుగారు గబుక్కున. "మాకింకా నాలుగో నెలేగా!"

అన్నాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. ఆంటీ సంబరంగా లేచి అక్క మొహానికి మెటికలు విరిచింది. అందరూ ఒక్కసారిగా అభినందనలు మొదలుపెట్టారు. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు కనిపించింది. అయినా ఆగలేదు.

"శాస్త్రం తీసింది మీరు, పాటించండి. నేను తీయలేదు, నేను వెళ్తున్నాను."

ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని నా పేరు మళ్లీ రాశాను. పేజర్ అని రాసి పక్కన ఆయన పేరు పెట్టాను. ఎంత హాయిగా అనిపించిందో!

ఆయన విసురుగా బయటికి నడిచారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న అక్క వెనక నిలబడ్డాను.

"అక్కా, నేను చెప్పలేదు, ఆయనే అన్నారు..."

ఆమె తలెత్తలేదు.

"డిసెంబరులో నీకు సెలవిమ్మని ఆయనతో మూడు రోజులు పోట్లాడాను. అన్నం మానేశాను. ఆయన వినలేదు. నీకు తెలిస్తే ఇంకా బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు."

పొట్ట మీదికి పమిట లాక్కుని, గోడ పట్టుకుని లిఫ్టు దాకా నెమ్మదిగా నడిచింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాక చూసుకుంటే, ఆయన పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.