మేకుకు వేలాడిన తీగ

బడిలో ఎవరో బాంజో వాయించారట, మా చిట్టికీ అదే కావాలట. నేనే చేసిస్తానని గొప్పలకు పోయాను. నోరు జారాక తప్పుతుందా?

బొత్తాలు దాచుకునే బిస్కెట్ల డబ్బాను ఖాళీ చేశాను. మూలపడి ఉన్న తుడుపుకర్రను దానికి మెడగా దూర్చాను. విరిగిన దువ్వెన ముక్కను తీగలు ఆనడానికి పెట్టాను. ఇక తీగలకే తిప్పలు. ఆ సాయంత్రమే మా ఆయన సైకిల్ బ్రేకు తీగ మార్చి, "పాతది మేకుకు తగిలించా, పారెయ్" అన్నారు. పారెయ్యడమెందుకని దాని మెలి విప్పి, పోగులు లాగి, మరలకు బిగించాను. కరెంటు లేదు, అంతా కొవ్వొత్తి వెలుతురులోనే.

పొద్దున చిట్టిని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఆయన బడికి బయల్దేరారు. నేను బాంజోను కిటికీ దగ్గరికి తెచ్చి మీటాను. ఖంగుమంది. మురిసిపోతూ తీగల వైపు చూశాను. తళతళలాడుతున్నాయి. ఒక్కచోటా తుప్పు లేదు.

పాతది ఊడదీసి కొత్తదాని పక్కనే తగిలించి, ఆ చీకట్లో మళ్ళీ పాతదే బిగించారన్నమాట మహానుభావుడు! వెనక బ్రేకు ఎప్పుడో పోయింది. బడి దారంతా పల్లం, పల్లం కింద లారీలు తిరిగే రోడ్డు.

"అత్తయ్యా, వాళ్ళు వెళ్ళి ఎంతసేపైంది?"

"ఇప్పుడేగా వెళ్ళారు. ఏమైందే, ముఖం అలా పాలిపోయింది?"

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. దూరంగా లారీ హారన్ మోగిన ప్రతిసారీ ఇంకా వేగం పెంచాను. కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, మధ్యమధ్యలో మా ఆయన్ని తిట్టుకున్నాను.

పల్లం సగంలో, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్పలో సైకిల్ పడి ఉంది. పక్కనే ఆయన మోచేయి ఊదుకుంటున్నారు. చిట్టి జుట్టు నిండా ఇసుకే.

"కొత్త తీగే పుటుక్కున తెగిందే! కుప్ప కనబడింది కాబట్టి సరిపోయింది" అన్నారాయన.

"తెగింది పాతదండీ. కొత్తది నా బాంజోకుంది."

ఆయన రోడ్డు వైపు చూశారు. తర్వాత చిట్టిని దగ్గరికి లాక్కున్నారు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

మర్నాడు సైకిల్‌కు ఇంకో కొత్త తీగ పడింది, పట్టపగలు. చిట్టి బాంజో మీటి, "అమ్మా, మోగుతోంది!" అని గంతులేసింది. మెచ్చుకోబోయి ఆగాను. బయటికి వెళ్ళి సైకిల్ బ్రేకు మళ్ళీ ఒకసారి పట్టి చూసొచ్చాను.