ఆపకూడని మాత్ర

నిమిషానికి నలభై కోళ్ళు. హెర్లిండా కత్తి భుజం కీలులో దిగి రెక్కను విడదీసేసరికి, కొక్కేనికి వేలాడుతూ తర్వాతి కోడి వచ్చేస్తుంది. అమెరికాలో, ఆర్కాన్సాలోని కోడిమాంసం ఫ్యాక్టరీలో, ఆ చల్లటి హాలులో పద్నాలుగేళ్ళుగా ఆమెది అదే చోటు. ఈ గురువారం ఉదయం మాత్రం కత్తి రెండుసార్లు గురి తప్పింది.

“అక్కా, అది ఎప్పుడో చచ్చింది. భయపడకుండా కొయ్యి,” అంది పక్కనున్న చాయో.

హెర్లిండా నవ్వబోయింది. కడుపులో తిప్పింది.

రెండేళ్ళ కిందట ఆమె వేళ్ళు పిడికిలి పట్టనంతగా బిగుసుకుపోయాయి. ఆదివారం సంతలో కొన్న మూలికల మాత్రలు రెండు రోజుల్లో నొప్పిని మాయం చేశాయి. అప్పట్నుంచీ రోజూ మింగింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. మెడ వెనక కొవ్వు మూటకట్టింది. చేతులు మాత్రం పుల్లల్లా సన్నబడ్డాయి. పెళ్ళికూతురి బుగ్గలొచ్చాయని తోటివాళ్ళు ఆటపట్టించారు.

సోమవారం రేడియోలో చెప్పారు. ఆ మూలికల్లో రహస్యంగా స్టెరాయిడ్ కలిపారట. వెంటనే సీసా చెత్తబుట్టలో పడేసింది.

బుధవారం క్లినిక్‌లో, ఆ మాత్రలు ఆపేశానని చెప్పగానే డాక్టర్ రియోహాస్ కలం కింద పెట్టాడు.

“మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయమ్మా. ఒంటిని నిలబెట్టే హార్మోను అవే చేస్తాయి. రెండేళ్ళు బయటినుంచి అందేసరికి అవి నిద్రపోయాయి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఈ మాత్ర ఇవాళే మొదలుపెట్టండి, నెలల తరబడి మెల్లగా తగ్గిద్దాం. వాంతయితే మాత్రని నమ్ముకోవద్దు. ఎమర్జెన్సీకెళ్ళి ఇంజెక్షన్ చేయించుకోవాలి.”

మందుల షాపులో అడిగితే ఇదీ స్టెరాయిడే అన్నారు. విషమని పారేసినదాన్నే మళ్ళీ మింగడమా? హెర్లిండా సీసా మూత తియ్యలేదు.

పదకొండున్నరకు భోజనాల గదిలో చాయో ఆమె సంచిలోంచి ఆ సీసా లాగింది.

“పిచ్చిదానా, డాక్టరుకంటే నీకెక్కువ తెలుసా? మింగు!”

“విషానికి విషమే ఇస్తారంటే...”

“మింగమన్నానా!”

మింగింది. అయిదు నిమిషాల్లో వాంతితోపాటు మాత్ర సింకులో తేలింది. ఇద్దరూ దానికేసి చూశారు.

“పద. కారు తీస్తా. ఇంజెక్షన్ చేయించుకోవాలన్నాడని నువ్వే చెప్పావుగా!”

“మధ్యలో వెళ్తే గైర్హాజరు కింద ఇంకో పాయింటు పడుద్దే. ఆ ఒక్కటీ పడితే పనిలోంచి తీసేస్తారు.”

“ప్రాణం పోతే?”

“షిఫ్టయ్యాక మూడున్నరకి వెళ్దాంలే. పద్నాలుగేళ్ళు నిలబడ్డా, నాలుగ్గంటలు నిలబడలేనా?”

రెండు గంటలు నిలబడింది. తర్వాత కత్తిని జాగ్రత్తగా పక్కన పెట్టి, బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుంది. పని వేళలో ఆమె కూర్చోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“ఏయ్, ఇదేమన్నా పార్కా?” అంటూ సూపర్‌వైజర్ డ్వేన్ దూసుకొచ్చాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. “హెర్లిండా? హెర్లిండా!”

చాయో అరిచి చెప్పిన ఇంజెక్షనే అంబులెన్సువాళ్ళు పొడిచారు. అప్పటికే నాడి దొరకడం లేదు. వాళ్ళు తలుపు వేస్తుండగా, ఆమె చోటులోకి వేరే లైను నుంచి ఒకామె వచ్చి నిలబడింది. కోళ్ళు కదిలాయి.

మూడున్నరకు చాయో ఆమె సామాను తీసుకోవడానికి భోజనాల గదికి వెళ్ళింది. హెర్లిండా కూర్చున్న బల్ల మీద కాగితం రుమాలు, దాని మీద ఉప్పూ కారం చల్లిన నారింజ తొనలు ఆరు. ఒకదాని మీద పంటి గాటు ఉంది.