నీలం అంటిన మెతుకులు

"మేడం మైత్రీవనం సిగ్నల్ దాటిందట. ఇగ ఐదు నిమిషాలే," అన్నాడు ప్రవీణ్, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

మంజుశ్రీ తల ఎత్తలేదు. వంటగట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని, గ్యాస్ పైపు గోడలోకి వెళ్లే కంతలో అరిగిపోయిన సబ్బు ముక్కను బలంగా కుక్కుతోంది. వంటిల్లు వంటిల్లంతా హాల్లోకి వచ్చి పడింది. పప్పు డబ్బాలు సోఫా మీద, గిన్నెలు టీవీ ముందు, మిక్సీ అత్తగారి మంచం మీద. ఖాళీ అరలకు వేపనూనె పూసింది. మూలమూలనా బిర్యానీ ఆకు నలిపి చల్లింది. సీసా మూతల్లో చక్కెర, తినే సోడా కలిపి సింకు కింద పెట్టింది. తూములో మరిగే నీళ్లు, వెనిగర్ పోసి పోసి ఆమె చేతివేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి.

"బొద్దింక లేని ఇల్లు యాడుంటది పిల్లా?" మిక్సీని పక్కకు నెట్టి మంచం మీద చోటు చేసుకుంటూ అంది లచ్చవ్వ. "గని అది తినే డబ్బాల దాంక పోవుడు మాత్రం నేను యాడ చూడలే. మా కాలంల మంది నోట్ల మాట వడొద్దని ఎంత పైలంగుంటుంటిమి!"

"అమ్మా, జర ఆగరాదే. దాన్ని ఏమనకు," ప్రవీణ్ తల్లిని మందలించి, భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మంజూ, ఫికర్ చెయ్యకు. క్యాంటీన్ రాకుంటే రాకపాయె. మనకేం తక్కువైంది? మేడం ఏమన్న అంటే నేను మాట్లాడుత. పాత బిల్డింగని చెప్త. నువ్వు మధ్యల మాట్లాడకు."

ఆ మాటకు ఆమెకు కన్నీళ్లొచ్చాయి. వేపనూనె ఘాటు అనుకుని మోచేత్తో తుడుచుకుంది.

అంతా మొన్న శుక్రవారం మొదలైంది. పంజాగుట్టలో ప్రవీణ్ పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసుకు మంజుశ్రీ రెండేళ్లుగా భోజనం డబ్బాలు పంపుతోంది. తెల్లారకముందే లేచి వండి, సర్దితే, ప్రవీణ్ బండి మీద తీసుకెళ్లి అందరికీ ఇస్తాడు. వచ్చే నెల నుంచి ఆ ఆఫీసులోనే క్యాంటీన్ ఆమెకు ఇద్దామనుకున్నారు. నాలుగో అంతస్తులో గాలి, వెలుతురు ఉన్న పెద్ద వంటగది. మంజుశ్రీ వెళ్లి చూసొచ్చింది కూడా. అంతలో శుక్రవారం మధ్యాహ్నం అనుదీప్ అనే కుర్ర ఉద్యోగి డబ్బా మూత తీస్తే అన్నం మీద బొద్దింక. ఫొటో ఆఫీసు గ్రూపులోకి వెళ్లింది. డబ్బాలు ఆగిపోయాయి. క్యాంటీన్ సంగతి తేల్చడానికి అడ్మిన్ మేనేజర్ చంద్రిక ఇవాళ స్వయంగా వంటిల్లు చూడటానికి వస్తోంది.

ఆ ఫొటోను మంజుశ్రీ ఇంతవరకూ చూడలేదు. "నువ్వు చూడకు. చూస్తే నీకు అన్నం సయించదు," అన్నాడు ప్రవీణ్ ఆ సాయంత్రం, ఆమె తలను గుండెకు ఆనించుకుని. ఎంత మనసెరిగిన మనిషి అనుకుంది. చూడకపోయినా ఆ బొద్దింక ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. ఏ క్షణంలో ఏమరుపాటుగా ఉన్నాను? అన్నం వార్చేటప్పుడా? కూర దించి పోపు వేస్తూ వెనక్కి తిరిగినప్పుడా? ఆ రోజు నడుం నొప్పిగా ఉండి ఒక్క నిమిషం గోడకు ఆనుకుంది, అప్పుడా? ఆ నిమిషం ఆనుకోకుండా ఉండాల్సింది. తనను తాను నిలబెట్టి అడగడం ఆమెకు కొత్తేమీ కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే, అత్తగారికి షుగర్ పెరిగితే, చుట్టాలు వచ్చిన రోజే నీళ్లు రాకపోతే, ఈ ఇంట్లో అందరి చూపూ ఒక్క వైపే తిరుగుతుంది. వాళ్లు తిరిగేలోపు ఆమె తానే తల వంచుకుని ఉంటుంది. ఈసారీ అంతే. రాత్రింబవళ్లు ఇల్లు కడుగుతూనే ఉంది, ఎవరో శిక్ష వేసినట్టు. ఒక్క ప్రవీణ్ మాత్రమే ఏమీ అనలేదు. అనకపోగా ఓదార్చాడు. అందుకే అతని ముఖం చూసినప్పుడల్లా ఆమెకు ఇంకా సిగ్గుగా ఉంది. పాపం, ఆఫీసులో నలుగురిలో నా వల్ల ఎంత తలవంపు.

బెల్ మోగింది.

చంద్రిక నలభై దాటిన మనిషి. చెప్పులు బయటే విడిచి, పలకరింపులు రెండు ముక్కల్లో ముగించి, ఫోన్ లైటు వేసుకుని నేరుగా వంటింట్లోకి నడిచింది. గట్టు కింద వంగి చూసింది. సిలిండర్ జరిపించింది. ఫ్రిజ్ వెనక్కి తొంగి చూసింది. మూతల్లో ఉన్న పొడిని వేలితో తాకి, "ఇదేంటండీ?" అంది.

"తినే సోడా మేడం, చక్కెర కలిపిన. వంటింట్లో మందులు వాడను. ఆకులు, సోడా, వేపనూనె, అంతే."

"పని చేస్తాయా?"

"మందంత జల్దీ పనిచెయ్యవు. రోజూ మార్చాలె. కానీ తిండి దగ్గర మందు పెడితే నాకు భయం."

చంద్రిక లైటు ఆర్పింది. "నిజం చెప్పాలంటే, మా ఇంటి వంటగది ఇంత శుభ్రంగా ఉండదు. ఒక్క పురుగు కూడా కనపడలేదు."

"ఎట్ల కనవడుతయమ్మా?" మంచం మీది నుంచి లచ్చవ్వ అందుకుంది. "మూడు దినాల సంది కడుగుతనే ఉన్నది. మేం సుత యాడ కూసుందామంటే ఆడ తడే. ఇంకొంచెం ఆగితే నన్ను సుత కడిగి ఆరేస్తుండె."

చంద్రికకు నవ్వొచ్చింది. ప్రవీణ్ కూడా గట్టిగా నవ్వి, "మేడం, పాత బిల్డింగు, పక్కనే లేడీస్ హాస్టల్. పైపులు, షాఫ్టు అంత ఒక్కటే. ఎంత చేసినా వస్తనే ఉంటయి. అందుకే మేమే అనుకున్నం, క్యాంటీన్ వద్దని. మంజుకు సుత ఆరోగ్యం బాగుంటలేదు," అన్నాడు.

మంజుశ్రీ అతని వైపు చూసింది. ఎప్పుడు అనుకున్నాం?

"ఉండండి ప్రవీణ్. నేను వచ్చింది వంటిల్లు చూడటానికి ఒక్కటే కాదు," చంద్రిక సోఫా అంచున కూర్చుని ఫోన్ తెరిచింది. "బొద్దింక ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. ఆఫీసులో కొందరు ఇది మందు కలిసిన అన్నం అంటున్నారు. పోలీసుల దాకా పోదాం అన్నవాళ్లూ ఉన్నారు. మంజుశ్రీ గారూ, మీరే చెప్పండి. ఈ రంగేంటి?"

ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చేతికిచ్చింది.

తెల్లటి అన్నం. మధ్యలో వెల్లకిలా బొద్దింక. కాళ్లు ముడుచుకుని ఎండిపోయి ఉంది. అది కూరలో మరిగింది కాదు, ఆవిరికి ఉడికిందీ కాదు, ఎప్పుడో చచ్చి ఎండిందని చూస్తేనే తెలుస్తోంది. దాని మూతి చుట్టూ, కాళ్ల కింద, అన్నం మెతుకులకు లేత నీలం రంగు అంటుకుని ఉంది.

మంజుశ్రీ ఆ మెతుకులను ఇంకాస్త పెద్దవి చేసి చూసింది.

ఆ నీలం ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఆ నీలం వాడేది తనే. బాత్రూంలో బొద్దింకలకు గోధుమపిండి, చక్కెర, బోరిక్ పొడి పాలతో తడిపి ఉండలు చేసి పెడుతుంది. మొదట్లో మామూలుగానే చేసేది. పోయిన బతుకమ్మ పండుగప్పుడు ఆ ఉండలు పళ్లెంలో ఆరబెట్టి ఉంటే, చక్కెర రోగమున్న లచ్చవ్వ ఎవరూ చూడకుండా ఒకటి తీసి నోటి దాకా తీసుకెళ్లింది, పండుగకు చేసే తీపి మలీద ముద్ద అనుకుని. మంజుశ్రీ చూసి చెయ్యి పట్టుకుని లాగకపోతే మింగేసేది. ఆ రోజు నుంచి పిండిలో బట్టలకు పెట్టే నీలం కలపడం మొదలుపెట్టింది. నీలం ముద్దను ఏ ముసలమ్మా మలీద అనుకోదు. ఆ ఉండలు బాత్రూం దాటి ఇవతలికి రావు. అవి తిని చచ్చిన బొద్దింకలను ఆమె ముట్టదు. వంట చేసే చెయ్యి వాటిని తాకొద్దని ఆమె పెట్టుకున్న నియమం. అందుకే పొద్దున్నే బాత్రూం ఊడ్చి చచ్చినవాటిని ఎత్తిపారేసే పని ప్రవీణ్ తీసుకున్నాడు. ఈ ఇంట్లో అతను చేసే ఒకే ఒక్క ఇంటిపని. ఆ ఒక్క పనికే బిల్డింగులో ఎంత పేరు! "మీ ఆయన బాత్రూం సుత ఊడుస్తడట గదా, రాసిపెట్టి ఉండాలె," అని కింది ఫ్లాటు స్వరాజ్యం ఆంటీ బుగ్గలు నొక్కుకుంది. వంద డబ్బాలు తోమిన చేతికి ఆ పేరు ఎన్నడూ రాలేదు.

శుక్రవారం లచ్చవ్వ ఇంట్లో లేదు. ముందు రోజే బోరబండలో కూతురి ఇంటికి వెళ్లి, శనివారం వచ్చింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. వండిన మనిషి, మోసిన మనిషి.

"ఒక్క నిమిషం మేడం," అంది మంజుశ్రీ. ఫోన్ తిరిగి ఇచ్చి వెనక బాల్కనీలోకి నడిచింది. ప్రవీణ్ ఆమె వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. దూరంగా మెట్రో వెళ్తున్న చప్పుడు. కింద సందులో కోచింగ్ పిల్లలు టీ బండి దగ్గర నవ్వుకుంటున్నారు.

"నేనన్న గదా ఫొటో చూడకని," గుసగుసగా అన్నాడు.

"శుక్రవారం అన్నం బాగా వేడిగుండె," అంది ఆమె.

"గా రంగు గట్ల దిగుతదని నాకేం తెలుసు?"

అనేశాక అతనికి అర్థమైంది. మంజుశ్రీ అరవలేదు. అతను కాదనడానికి వెతుక్కుంటున్నంత సేపూ అతని ముఖాన్నే చూసింది.

"ఎందుకు?"

"ఏం చెయ్యమంటవు మరి?" ప్రవీణ్ గొంతు ఒక్కసారిగా మారింది. "డబ్బాలు మోసినన్ని దినాలు 'వదిన వంట మస్తు' అన్నరు, విన్న. క్యాంటీన్ అనంగనే మొదలువెట్టిండ్రు. 'ప్రవీణ్ భాయ్, ఇగ నీ పెండ్లాం మాకు వడ్డిస్తదా, పెరుగు ఎక్కువ వెయ్యమను.' నా కింద పనిచేసే పోరగాండ్లు! గంటె పట్టుకొని నువ్వు ఆడ నిలవడితే, ప్లేటు పట్టుకొని నేను లైన్ల నిలవడాల్నా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"వద్దని నాతోని ఒక్కమాట అనకపోతివి."

"అంటే నువ్వు ఊకుంటుంటివా? ఊరంతా నన్నే అంటుండె, పెండ్లాన్ని ముంగటికి పోనిస్తలేడని."

ఆమెకు అప్పుడు తెలిసింది. ప్రోత్సహించే మొగుడన్న పేరు అతనికి కావాలి, ఆ ప్రోత్సాహంతో ఆమె పైకి రావడం మాత్రం వద్దు. నాలుగో అంతస్తు వంటగదిని చూడటానికి తనే బండి మీద తీసుకెళ్లాడు. కిటికీ పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. స్టేటస్‌లో పెట్టుకుని వచ్చిన మెచ్చుకోళ్లన్నీ చదివి వినిపించాడు. ఆ తరవాత ఒక పొద్దున, ఆమె నడుం నొప్పితో గోడకు ఆనుకుని ఉన్నప్పుడు, బాత్రూంలో చీపురుతో ఎత్తినవాటిలోంచి ఒకదాన్ని ఏరి పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకున్నాడు? కాగితంలో చుట్టి జేబులోనా? ఏ చెట్టు కింద బండి ఆపి మూత తీశాడు? ఇంటికొచ్చి ఏ చేత్తో నా తల నిమిరాడు? మూడు రోజులుగా మోకాళ్ల మీద పాకుతుంటే పక్కన కూర్చుని చూశాడే! సబ్బు ముక్క అందించాడే!

"మంజూ, ఇను. తప్పైంది," ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "మేడంకు తెలిస్తే నా నౌకరీ పోతది. ఈ ఒక్కసారికి ఏదన్న చెప్పు. సూసుకోలేదను, చెయ్యి జారి పడ్డదను. క్యాంటీన్ ఎట్లాగూ పాయె. నీకు పొయ్యేదేమున్నది?"

పొయ్యేదేమున్నది. ఆమె చెయ్యి విడిపించుకుని లోపలికి వచ్చింది.

హాల్లో లచ్చవ్వ మంచం దిగి చంద్రిక ఎదురుగా నిలబడి ఉంది. బాల్కనీ తలుపు పల్చటిది. ముసలామె చెవులు చురుకైనవి. కోడలిని చూసి చూపు తిప్పుకుంది.

"అమ్మా, గది నా పనే," అంది చంద్రికతో, తడబడకుండా. "బాత్రూంల మందుముద్దలుంటయి. ఊడుస్తుంటే నా చేతికెల్లి ఒకటి డబ్బాల వడ్డట్టున్నది. కండ్లు కనవడయి. ముసల్దాన్ని, మాఫ్ చెయ్యిండ్రి. పోరగాండ్ల మీదికి తేకుండ్రి."

ప్రవీణ్ బాల్కనీ గుమ్మంలోనే ఆగిపోయాడు. తల్లి మాటకు అతని భుజాలు కొంచెం దిగాయి. ఊపిరి పీల్చుకున్నాడు. అది చూసింది మంజుశ్రీ. అతని తప్పును మోయడానికి ఇంట్లో ఇంకో ఆడమనిషి దొరికినందుకు అతనికి ప్రాణం కుదుటపడింది. అంతదాకా ఆమె కడుపులో ఎక్కడో మిగిలిన జాలి ఆ ఊపిరితో పోయింది.

చంద్రిక ముసలామెను, తరవాత ఆమె మంచానికి ఆనించిన చేతికర్రను చూసింది. "మంజుశ్రీ గారూ, నిజమేనా? పేరు రాసి పైవాళ్లకు పంపాలి నేను. మీ అత్తగారి పేరు రాయమంటారా, మీ పేరు రాయమంటారా?"

హాలంతా పప్పు డబ్బాలు, గిన్నెలు. వాటి మధ్య నిలబడటానికి ఆమెకు ఒక్క అడుగు చోటుంది. "చెప్పు మంజూ," అన్నాడు ప్రవీణ్, ఎప్పటిలాగే మెత్తగా. "నా మంజు అబద్ధం చెప్పదు మేడం."

లచ్చవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది. మంజుశ్రీ ఆ చేతిని విదిలించలేదు. తన రెండు చేతుల్లోకి తీసుకుని, ముసలామెను నెమ్మదిగా మంచం మీద కూర్చోబెట్టింది.

"శుక్రవారం మా అత్తమ్మ ఇంట్లో లేదు మేడం, బోరబండలో ఉంది. నేను వండిన అన్నం శుభ్రంగానే ఇంటి నుంచి బయలుదేరింది," అంది. గొంతు తాను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "చచ్చిన బొద్దింకను దాచి తీసుకెళ్లి, అనుదీప్ డబ్బా మూత తీసి అందులో వేసింది నా మొగుడు. ప్రవీణ్. రాసుకోండి."