కలం పట్టిన చేతి బొటనవేలు

కార్వర్ నది పొంగి ఇనుప వంతెనను ఎత్తుకుపోయిన పదో ఏడు అది. ఆగస్టు నెల. చివరి సమావేశం రోజు పొద్దున వెర్నా ఊలెట్ వంటింట్లో నిలబడి, వచ్చేవాళ్ళందరికీ రొట్టెల మధ్య గుడ్డు ముద్ద పెడుతోంది. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. మొదట్లో ఒకసారి చేసి తీసుకెళ్ళింది. అంతే, ఆమె పనైపోయింది.

"మా అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, గుర్తుందా?" అన్నాడు భర్త రోలండ్, పేపర్లోంచి తలెత్తకుండా.

"ఇవాళ నువ్వు తీసుకెళ్ళు."

"నేనా? నాకు పనుంది."

వెర్నాది పని కాదు కాబోలు. ఆమె చేపల శాస్త్రం చదివింది. ఆనకట్ట కింద రెండు మైళ్ళు నది రాళ్ళు తేలి పడుంటుంది. నీళ్ళన్నీ గొట్టంలో పడి కరెంటు మిషన్లకు పోతాయి. ఆ కరెంటు కంపెనీకి పాత లైసెన్సు గడువు తీరింది. కొత్తది ఇస్తే ఇంకో నలభై ఏళ్ళు కదలదు. ఆ రాళ్ళ మీదికి నీళ్ళు వదిలించాలని గాలాలవాళ్ళు, పడవలవాళ్ళు, ఊళ్ళవాళ్ళు ఒక కూటమి కట్టారు. దానికి లాయరు గ్రేమ్ థేయర్. లెక్కలు వెర్నావి. ఐదేళ్ళు ఆ రెండు మైళ్ళకు ఎగువనా దిగువనా నడుముల్లోతు చన్నీళ్ళలో నిలబడి చేప పిల్లల్ని లెక్కపెట్టింది ఆమె.

కంపెనీవాళ్ళూ కూటమివాళ్ళూ కూర్చునే ఈ సమావేశానికొక పద్ధతుంది. మాట కుదిరిందా లేదా అన్నది బొటనవేళ్ళతో చెబుతారు. పైకెత్తితే ఇష్టం. అడ్డంగా పెడితే, ఇష్టం లేదు గాని ఓర్చుకుంటాం. కిందికి దించితే ఒప్పుకోం. ఒక్కరు దించినా ఒప్పందం ఆగిపోతుంది. దించినవాళ్ళు మర్నాడు వేరే దారి చూపాలి.

వెర్నా వేలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. "నీ దస్తూరి ముత్యాలల్లే ఉంటుంది" అని థేయర్ మొదటిరోజే ఆమె చేతికి కలం ఇచ్చాడు. చెప్పిందంతా రాసేది ఆమే. వేళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఖాళీగా ఉండదు. "వెర్నా రాస్తోంది, సరే అన్నట్టే" అంటాడు థేయర్. అలవాటైపోయింది.

ఆ రోజు థేయర్ ఒప్పందం చదివాడు. జూలై, ఆగస్టుల్లో రాళ్ళ మీదికి నీళ్ళు వదలరు. బదులుగా కంపెనీ పడవల రేవు కట్టిస్తుంది.

వెర్నా కలం ఆగింది. "ఏడాది పొడుగునా అనుకున్నాం గదా? ఇదెప్పుడు మారింది?"

"రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం" అన్నాడు థేయర్. "నీకు ఇంట్లో పనుంటుందని పిలవలేదు."

"ఆ రెండు నెలల్లోనే గదండీ చేపలు చచ్చేది!"

కంపెనీ తరఫు ప్రూయిట్ నవ్వాడు. "ఎండాకాలం ట్రౌట్ చేపలు కూడా సెలవులకి పోతాయేమోనండీ." బల్ల చుట్టూ నవ్వులు. కూటమివాళ్ళూ నవ్వారు.

వేళ్ళు లేచాయి. కొన్ని పైకి, కొన్ని అడ్డంగా. "వెర్నా రాస్తోంది..." అన్నాడు థేయర్.

అడ్డంగా పెట్టిన ఆ వేళ్ళను చూస్తుంటే వెర్నాకు తన పెళ్ళి, తన కాపురం కనబడ్డాయి. అత్తగారు మంచం పడితే ఉద్యోగం సగం చేసుకున్నప్పుడు ఎవరడిగారు? నీళ్ళలో నిలబడి వేళ్ళు కొయ్యబారి ఇంటికొస్తే, వంటింటి గిన్నెలు ఎవరికోసం కాచుకుని ఉన్నాయి? తన లెక్కలు థేయర్ సొంతవన్నట్టు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే, ఆ చప్పట్ల సంగతి కూడా తనే రాసింది గదా! ఓర్చుకుంటుందిలే. ఓర్చుకుంటుందని ముందే లెక్క వేసుకుంటారు, అడగను కూడా అడగరు. నదినీ అంతే. నోరు లేదు గనక ఒప్పుకున్నట్టే.

వెర్నా కలం కింద పెట్టింది. చెయ్యి చాచి బొటనవేలు కిందికి దించింది.

"బంగారు తల్లీ, ఇది ఐదేళ్ళ కష్టం" అన్నాడు థేయర్, గొంతు తగ్గించి.

"ఎవరిదండీ?" అంది వెర్నా. లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి రోలండ్, అత్తగారు క్లోడెట్ ఆమె కోసమే కూర్చుని ఉన్నారు.

"థేయర్ ఫోన్ చేశాడు" అన్నాడు రోలండ్. "నీకు కాస్త నచ్చజెప్పమన్నాడు."

"నాకు చెప్పాల్సింది నీకు చెప్పాడా?"

"అంతమంది మగాళ్ళ మధ్య కూర్చున్నదానివి, సర్దుకుపోవాలి గదా అమ్మాయ్" అంది క్లోడెట్. "నేను సర్దుకోలేదూ, మీ మామతో?"

"ఏం చెప్పావు అతనికి?" అని మొగుణ్ణి అడిగింది వెర్నా.

"ఏముంది. రేపటికి దారికొస్తుందిలే అన్నాను."

ఆమె అతని మొహం వంక చూసింది. కోపంగా లేదు ఆ మొహం. నిశ్చింతగా ఉంది. ఒంటికి కారం రాసుకున్నట్టయింది ఆమెకు. ఫోను దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పింది. "రేపు మాట మొదలుపెట్టాల్సింది నేను. హాల్లో కాదు. ఆనకట్ట కిందికి రండి."

మర్నాడు రోలండ్ లేవకముందే ఆమె ఇల్లు దాటింది. ఎండిన నది మధ్యలో నిలబడింది. కాళ్ళ దగ్గర చిన్న గుంట. అందులో మిగిలిన బురదనీళ్ళలో చేప పిల్లలు నోళ్ళు తెరిచి కొట్టుకుంటున్నాయి. థేయర్, ప్రూయిట్, తక్కినవాళ్ళు నున్నటి బూట్లతో జారుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు.

"ఇక్కడేం మాట్లాడతాం, వెర్నా? మాడిపోతున్నాం" అన్నాడు థేయర్.

"పన్నెండు నెలలూ నీళ్ళు కావాలి. నా మాట అదే" అంది ఆమె. "అక్కర్లేదన్నవాళ్ళు ఈ గుంట పక్కన నిలబడి చెప్పండి. ఎండ ఇంకా ఎక్కుతుంది. నాకేం తొందర లేదు."

అని రాతి మీద కూర్చుంది.