ఒక మెట్టు కిందికి

"మీ మిషను నెమ్మదిగా తిరిగితే శిక్ష మా బాబాయికి వేశారు! ముప్పై ఏళ్ళు!"

రికార్డు కంపెనీ మూడో అంతస్తులో ఆమె గొంతు లేచేసరికి టైపు కొడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. పాత రికార్డుల ఆఫీసరు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. అలాంటివాళ్ళు కదలరు. ఆమె చంకలో శాక్సోఫోన్ పెట్టె, వేళ్ళకు ఎండిన జిగురు. వెనకాల తలుపు దగ్గరే ఆగిపోయిన బాబాయి.

ఊదే వాయిద్యాలు బాగుచేయడం ఆమె పని. బాబాయి ఒకప్పుడు డ్రమ్స్ వాయించేవాడు, అదీ జాజ్ అభిమానులు ఉరుము మాస్టారని పిలుచుకున్న శాక్సోఫోన్ విద్వాంసుడి వెనక. మాస్టారి మొదటి ఆల్బం ఈనాటికీ ప్రతి హోటల్లోనూ మోగుతుంది. చివరి మూడింటిని ముట్టుకునే దిక్కు లేదు. అవి వచ్చినప్పుడు పత్రికలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకటే రాశాయి: మాస్టారికి ఊపిరి అయిపోయింది, శ్రుతి దిగింది, డ్రమ్మరు కాళ్ళీడుస్తున్నాడు. మరుసటేడు మాస్టారు పోయాడు. బాబాయి కర్రలు అటకెక్కించి గిడ్డంగిలో కాపలాకి కుదిరాడు. మళ్ళీ బల్ల మీద వేలితో కూడా తాళం వెయ్యలేదు.

మొన్న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారి సమగ్ర సంపుటం తెస్తున్నారట, ఆ మూడు ఆల్బంలూ లేకుండా. వాటి అసలు టేపుల్ని సోమవారం తుక్కుకి పంపుతారట. ఆ బృందంలో బతికున్నది బాబాయి ఒక్కడే కాబట్టి మర్యాదకి తెలియజేస్తున్నారట. మర్యాద!

చెత్త అన్నది ఎంత చెత్తో చూద్దామని ఆమె ఆ మూడింట్లో ఒక రికార్డు తన రిపేరు దుకాణంలో పెట్టింది. "ఆపెయ్యవే తల్లీ" అని బాబాయి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు. చేతిలో మాస్టారు వాయించిన రకమే, ఆల్టో శాక్సోఫోన్ ఉంది, మూతల కింది మెత్తలు కొత్తవి వేసి ముగించింది. బాగుచేసిన ప్రతిదాన్నీ ఆమె ముందు అట్టడుగు స్వరంతోనే పరీక్షిస్తుంది. అన్ని మూతలూ మూస్తేగాని ఆ స్వరం రాదు. ఎక్కడ గాలి కారినా అది పలకదు. ఊదింది, బ్రహ్మాండంగా పలికింది. అదే క్షణంలో రికార్డులో మాస్టారు మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చి, ఆమె ఊదిన స్వరం దాటి ఇంకో మెట్టు కిందికి దిగాడు.

ఆ వాయిద్యంలో అక్కడ మెట్టే లేదు.

ఇప్పుడు అదే మాట ఆఫీసరు ముందు చెప్పింది. ఆయన నవ్వాడు. "మాస్టారు మహానుభావుడమ్మా. లేని స్వరం కూడా పుట్టించగలడు."

"మహానుభావుడు ఊదితే ఇత్తడి గొట్టం సాగదు సార్."

"మీ ఇంట్లో ప్లేయరే నెమ్మదేమో."

"అందుకే మీది పెట్టండి. ముందు మీ ముద్దుల మొదటి ఆల్బం వెయ్యండి."

టైపు కొట్టే అమ్మాయే లేచి వేసింది. ఆమె పెట్టె తెరిచి, నిలబడే ఊదింది. మొదటి ఆల్బంలో మాస్టారి అట్టడుగు స్వరం ఆమె స్వరంతో అచ్చు గుద్దినట్టు కలిసింది. తర్వాత చివరి మూడింట్లోంచి ఒకటి. మాస్టారు దిగాడు, దిగాడు, ఆమె స్వరం దాటిపోయాడు.

"కిందికెళ్ళింది సార్," అంది ఆ అమ్మాయి.

"నువ్వు కూర్చో."

"కూర్చుంటే పైకొస్తుందా సార్?"

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడిచాడు. ఆ మూడూ ఒకే సీజన్లో, ఒకే మిషను మీద టేపు నుంచి డిస్కుకి ఎక్కించినవి. ఆ సంగతి ఆయన ఫైల్లోనే ఉంది. టేపు నెమ్మదిగా తిరిగితే శ్రుతి దిగుతుంది, ఊపిరి బరువెక్కుతుంది, లయ ఈడుస్తుంది. ఇంతమంది చెవులున్నవాళ్ళు ముసలితనం అనుకున్నారు గాని, మిషను వంక ఒక్కడూ చూడలేదు.

"అంటే..." బాబాయి తలుపు పట్టుకున్నాడు. "అంటే, ఈడ్చింది నేను కాదా, అమ్మాయ్?"

"నువ్వు కాదు బాబాయ్."

"మాస్టారు చివర్లో నావంక చూడ్డం మానేశాడే..."

ఆ చూపు ఎవరూ తిరిగి తేలేరు. ఆమెకు ఏడుపు రాలేదు, మండుకొచ్చింది.

ఆఫీసరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "పాయింటే. కమిటీకి రాస్తాను. వచ్చే నెల..."

"సోమవారం తుక్కు, వచ్చే నెల కమిటీనా? తుక్కుకి శ్రుతి సరిచేస్తారా?"

"పద్ధతనేది ఒకటుంటుంది కదమ్మా."

"మా బాబాయి పని పోగొట్టినప్పుడు ఏ కమిటీ కూర్చుంది? ఏ పద్ధతి అడ్డొచ్చింది?"

బాబాయి తలుపు వదిలి ముందుకొచ్చాడు. ఆఫీసరు ఎదుటి కుర్చీ లాక్కుని, ఇంక లేచేది లేదన్నట్టు కూర్చున్నాడు. ఆమె పెట్టె మూయలేదు.

"ఆ మూడు టేపులూ ఇప్పుడే కింది టేపుల గదినుంచి తెప్పించండి. సరైన వేగంలో, మా బాబాయి ముందు తిప్పండి. ఆ మూడింటినీ సంపుటంలో చేర్చండి. తప్పు వాద్యకారులది కాదు, కంపెనీదని అట్ట మీద అచ్చు వెయ్యండి. లేవండి సార్, తాళాలు తియ్యండి!"