పరామర్శకు వచ్చినవాళ్ళ కాఫీ

నల్లమాడ పక్క పల్లెలో పుల్లన్న పేరున్న రైతు. ఎన్నికలున్నా లేకున్నా ఆయన వాకిట్లో మనుషులుంటారు. ఆయన భార్య బయమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వంకర్లు పోయి సంగటి ముద్ద తుంచుకోవడమే గగనమైంది. కొడుకు భరత్ బెంగళూరు నుంచి ఒక చేతి తొడుగు తెచ్చాడు. స్విచ్ వేస్తే గాలితో ఉబ్బి, వేళ్ళను మెల్లగా తెరిచి ముడుస్తుంది. కదిరిలో ఫిజియోథెరపీ చేసే ప్రసూన గట్టిగా చెప్పింది: మందులతో పాటు రెండు పూటలా అరగంట తొడుక్కోవాలి, మధ్యలో తీయకూడదు. అశ్రద్ధ చేస్తే వేళ్ళు అట్లే బిగుసుకుపోతాయి, తన చేత్తో తాను తినడం ఇక ఉండదు.

చెప్పడం సులువే. బయమ్మకు కరెంటు చెయ్యి వచ్చిందని ఊరంతా పాకింది. జనం పరామర్శకు బయలుదేరారు. అయ్యోపాపం అంటారు, తొడుగును నొక్కి చూస్తారు, ధర అడుగుతారు, ఆపైన కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు. ఎందుకు? కాఫీ కోసం. పుల్లన్న కేకేస్తాడు. బయమ్మ తొడుగు ఊడదీసి పొయ్యి దగ్గరికి పోతుంది. జబ్బు చూడవచ్చినవాళ్ళకు జబ్బుమనిషే మర్యాద చేయాలట. ఎవడు పెట్టిన రివాజో ఇది.

నెల తిరిగాక ప్రసూన వచ్చింది. తొడుగు రోజూ ఎంతసేపు నడిచిందో దానికి కలిపిన ఫోన్‌లో చూసి ముఖం చిట్లించింది. ఒక్క పూటైనా అరగంట నిండలేదు. వేళ్ళు ఇంకా బిగిశాయి. మిషనుదే తప్పన్నాడు పుల్లన్న. రోజంతా పనిచేసే ఆడమనిషికి వేరే కసరత్తు ఎందుకని పక్కింటి గోవిందప్ప వంతపాడాడు. ఆ మాట అంటూనే కుర్చీ లాక్కున్నాడు.

బయమ్మ తొడుగు తొడుక్కుని స్విచ్ వేసింది.

“ఏమే, గోవిందప్పకు కాఫీ తేలేదే?”

“పాలు గిన్నెలో ఉండాయి. నీ చేతులు బాగానే ఉండాయి గదా, పోయి పెట్టుకోపో.”

“మొగోడు పొయ్యికాడికి పోతే నలుగురు ఏమనుకుంటారు?”

“నా వేళ్ళు పడిపోతే నాకు ముద్ద తినిపించాల్సిందీ నువ్వే. అప్పుడేమనుకుంటారో అది గూడా అడుగు.”

పుల్లన్న గొణుక్కుంటూ లేచాడు. గోవిందప్పకు నవ్వాగలేదు. “ఏమప్పా, నాకు చక్కెర తక్కువ.”

ప్రసూన నవ్వలేదు. “నువ్వు గూడా లెయ్యన్నా. లోటాలు కడుగు.”

లోపల గిన్నెలు దబదబమన్నాయి, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. బయమ్మ కదల్లేదు. ఆ పూట అరగంట నిండింది.

అయ్యలారా, జబ్బుమనిషిని చూడబోతే ఆ ఇంట్లో మీ కాఫీ మీరే పెట్టుకోండి, ఆమెకూ ఒక లోటా ఇవ్వండి. అది చేతకాకపోతే పరామర్శకే పోవద్దు.