నిండు బస్తాలు

బస్తాను ముప్పావు వంతే నింపాలి. మూతి బిగించి కట్టకుండా మడిచి కిందికి తోయాలి. అప్పుడే అది పక్క బస్తాకు అతుక్కుని కూర్చుంటుంది. నిండా కుక్కితే గుండ్రాయిలా దొర్లుతుంది, సందుల్లోంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. సైన్యపు ఇంజనీర్ల దళంలో ఇరవై ఆరేళ్ళుగా హవల్దారు ఈ పాఠం చెబుతూనే ఉన్నాడు. కుర్ర సిపాయిలు చాటున అతన్ని 'ముప్పావు మామ' అంటారు.

ఆ పొద్దున నది కట్టకు ముప్పై గజాల గండి పడింది. దళం రెండు కొసల నుంచీ బస్తాలు పేర్చుకుంటూ వస్తుంటే, సందు ఇరుకైన కొద్దీ నీటికి పిచ్చెక్కింది. దిగువనున్న పేటల జనం బడి ఆవరణలో ఇసుక నింపడానికి కూర్చున్నారు. వాళ్ళలో హవల్దారు చెల్లెలు ఉంది; ఓ పక్క ఇద్దరు సిపాయిలూ నింపుతున్నారు.

అమ్మ పోయినప్పుడు అతనికి సెలవు దొరకలేదు. అప్పటి నుంచి మూడేళ్ళుగా చెల్లెలు అతనితో మాట్లాడలేదు. బస్తాల కోసం లారీతో వచ్చిన అన్నను చూసి, ఇవాళ తనే నవ్వింది.

"చూడన్నయ్యా, మీవాళ్ళు పిసినారుల్లా అరకొరగా నింపుతున్నారు. నాది చూడు, పీకలదాకా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా ఆమెను చూసి అలాగే నింపుతున్నారు. హవల్దారు నోరు తెరిచాడు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ మూడేళ్ళకు 'అన్నయ్యా' అన్న మనిషిని పదిమందిలో తప్పుపట్టడానికి అతనికి మనసొప్పలేదు.

"నువ్వేం చేసినా ఇంతేగా" అని నవ్వేసి, బస్తాలు లారీకెక్కించాడు. పై వరసకు వాడితే పోయేదేముందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

గండి దగ్గర పై వరసా కింది వరసా అని ఎంచే తీరిక ఎవరికుంది? చేతికందిన బస్తా అందినట్టే నీళ్ళలోకి పోయింది. మూడు గంటలకు గండి మూసుకుంది. జనం ఈలలు వేశారు. చెల్లెలి మొగుడు వడ్రంగి, పొద్దుటి నుంచీ దళంతోనే ఉన్నాడు. కొత్త బస్తాల మీద నిలబడి గుంజ దిగ్గొడుతూ హవల్దారు వైపు తిరిగాడు.

"మీ చెల్లెలు నీతో మాట్లాడిందటగా బావా. హమ్మయ్య, ఇక నా ప్రాణం హాయి."

వడ్రంగి కాలికింద ఒక బస్తా దొర్లింది. దాని వెనకే పది. కట్ట నడుము విరిగినట్టు కుంగిపోయింది. అతని నడుముకు కట్టిన తాడును ఆరుగురు లాగారు. తెగిన కొస ఒక్కటే చేతికొచ్చింది.

గంట తర్వాత పని మళ్ళీ మొదటికొచ్చింది. పారలు పట్టుకుని కొత్త జనం వచ్చారు. మొగుడి కబురు విన్న చెల్లెలిని ఆడవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళాలని చూస్తే ఆమె ఇసుక కుప్ప దగ్గర నుంచి కదల్లేదు. ఆమె ఎదుటే హవల్దారు పాఠం చెప్పాల్సి వచ్చింది. ముప్పావు వంతే. మడిచి తోయాలి.

"నిండా పోస్తే ఏమవుతుంది?" చెల్లెలు అడిగింది.

"దొర్లుతుంది."

ఆమె ఒళ్ళోని ఖాళీ బస్తా మూతి విప్పింది.

"మరి పొద్దున నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

అతని దగ్గర జవాబుంది. అది బయటపెడితే నేరం ఆమె నవ్వు మీదికి పోతుంది.

"మర్చిపోయానమ్మా" అన్నాడు.

పక్కన బస్తాలు మోస్తున్న సిపాయిలు ఆగి, ముప్పావు మామ వైపు తిరిగి చూశారు. చెల్లెలు ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. ఆపైన పార తీసుకుని బస్తా నింపడం మొదలుపెట్టింది. ముప్పావు దగ్గర ఆపింది.